అల్బెనీ వదిన కొన్న పొయ్యి

"పొయ్యి కొని కొంప ముంచుకుంది" అంటారు మా వదిన గురించి మా రోడ్డు మీద వాళ్లు. ఎదురుగా అనరు. పోస్టాఫీసులో అంటారు, చర్చి మెట్ల మీద అంటారు, నన్ను చూడగానే దుంపల ధర గురించి మాట్లాడుకుంటున్నట్టు నటిస్తారు. వాళ్ల నోళ్లు పడిపోను! ఆ ఇంట్లో ఎలాంటి పొయ్యి ఉండాలో మా వదిన ఆలోచించినంతగా ఈ లోయలో ఎవడూ తన పెళ్లి గురించి కూడా ఆలోచించలేదు. జరిగిందేదో జరిగినట్టు ఒక్కసారి చెప్పేస్తే నాకూ మనసు తేలికపడుతుంది. నేను ఆవిడ మరిదిని. పేరు లెజీమ్. బంగాళాదుంపల లారీ తోలుతాను.

మా వదిన పేరు అల్బెనీ. నది ఒడ్డున పుట్టింది, అవతలి గట్టు కెనడా, ఇవతలిది మాది, అమెరికా. పిల్లలు ఎక్కువ, పళ్లేలు తక్కువ ఉన్న ఇల్లు. మా దగ్గర దుంపలు తవ్వే రోజుల్లో బళ్లకి సెలవిస్తారు. ఆ సెలవుల్లోనే నడుం వంచడం నేర్చుకుంది. పెద్దయ్యాక దుంపల గోదాములో పని. కదిలే బెల్టు పక్కన నిలబడి కుళ్లినవి ఏరి పారేయాలి. దుంప చేతికి తగలగానే లోపల మంచిదో చెడ్డదో చెప్పేసేది. మనిషి పొట్టి, నోరు పెద్దది. పెళ్లయి వచ్చిన కొత్తలో మా అమ్మ "ఈ పిల్ల మనింట్లో ఇమడదురా" అని నెత్తీ నోరూ కొట్టుకుంది. మంచాన పడ్డాక ఆ అమ్మకి ఒళ్లు తుడిచి అన్నం పెట్టింది ఆ పిల్లే, తిడుతూనే పెట్టింది. వాళ్లకి పిల్లలు కలగలేదు. దాని గురించి ఎవరైనా జాలిగా మాట్లాడబోతే, "నాకున్న ఒక్క పిల్లాడూ చాలు" అని మా అన్న వైపు చూపించేది.

మా అన్న విల్మోన్ కూడా అదే గోదాములో మూటలు మోసేవాడు. దుంపలకి పట్టిన మట్టి ఎండి దుమ్మయి లేస్తుంది, తలుపులు మూసిన గోదాములో అది ఎక్కడికీ పోదు, మనుషుల్లోకి పోతుంది. దానికి తోడు సిగరెట్లు. దానికి తోడు మా నాన్న నాటి పోత ఇనుము పొయ్యి. పగుళ్లిచ్చిన పొయ్యి అది, కట్టె వేసినప్పుడల్లా సగం పొగ గొట్టంలోకి, సగం ఇంట్లోకి. కర్టెన్లు ఎన్నిసార్లు ఉతికినా టీ రంగులోనే ఉండేవి. అరవై దాటేసరికి అన్నకి మెట్లెక్కడం పోయింది, తర్వాత నడక పోయింది. ముక్కులో గొట్టం పెట్టుకుని, గాలిలోంచి ప్రాణవాయువు తీసి అందించే కరెంటు మిషన్ పక్కన కూర్చోవడం మిగిలింది.

ఆ వేసవిలో అన్న పుట్టినరోజు చేశాం. గొట్టం తీసి పక్కన పెట్టి, కేకు మీద ఒక్కటంటే ఒక్క కొవ్వొత్తి వెలిగించింది వదిన. "ఊదు, ఊదు" అని అందరం గోల. అన్న బుగ్గలు పూరించి ఊదాడు. మంట కనీసం వంగలేదు. నవ్వాం. మళ్లీ ఊదాడు, మెడ నరాలు ఉబ్బాయి, మంట అలాగే నిటారుగా ఉంది. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి. వదిన రెండు వేళ్లు తడి చేసుకుని వత్తి నులిపేసి, "కేకు కోస్తారా లేక దీనికి కూడా నేనే కావాలా?" అంది. వంటింట్లోకి వెళ్లి చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

డాక్టరు దాచకుండా చెప్పాడు. ఇంట్లో పొగ ఆగాలి. ఆగకపోతే చలికాలం ఇంట్లో ఉంచడం కుదరదు, ఊళ్లో ముసలివాళ్ల ఆసుపత్రిలో చేర్చెయ్యాలి. దారిలో కారులో అన్న ఒకటే మాటన్నాడు.

"అక్కడ పడేస్తే నెల్లాళ్లలో పోతానే. పోతే పోయాను గానీ, దుంపలు నాటడం నా కిటికీలోంచి ఒక్కసారి చూసి పోతాను."

"నువ్వు చూసేదేంటి, నువ్వే నాటుతావు. ముందు నోరు ముయ్యి, ఊపిరి ఖర్చవుద్ది" అంది వదిన.

తలుపు పక్కన అన్న పొలం బూట్లుండేవి. మోకాలి దాకా వచ్చే నల్ల రబ్బరు బూట్లు. ఎన్నాళ్లుగానో ఆయన కాలు అందులో పెట్టలేదు. అయినా వదిన ప్రతి శనివారం వాటిని తడిగుడ్డతో తుడిచి పెట్టేది, వసంతంలో కావాలి కదా అని. ఇక ఆవిడకి కావాల్సింది ఒక్కటే. మొగుణ్ణి ఇంట్లోనే ఉంచుకుని, పొగ లేకుండా, చలి లేకుండా ఆ కాలం దాటించడం. చమురుతో నడిచే పొయ్యి మా బోటి వాళ్లకి అందే సరుకు కాదు. కట్టె అయితే ఇంటి వెనక అడివిలోనే ఉంది. కాబట్టి కట్టెల పొయ్యే కొనాలి, పొగ తాగించని పొయ్యి కొనాలి.

ఆగస్టంతా అదే పని. నాలుగు ఊళ్లు తిరిగింది. తెలిసిన ఇళ్లకి కాఫీకని వెళ్లడం, కప్పు పక్కన పెట్టి వాళ్ల పొయ్యి తలుపు తీసి తల లోపల దూర్చడం. "ఆవిడ మనల్ని చూడ్డానికి వచ్చిందా, పొయ్యిని చూడ్డానికా?" అని జనం నవ్వుకున్నారు. చిమ్నీ మీద ఎంత పొగ వస్తోందో, గాజు తలుపు ఎన్నాళ్లకి నల్లబడుతుందో, రోజుకి ఎన్ని మోపుల కట్టె తింటుందో అడిగి అడిగి ప్రాణం తీసేది.

మా మేనమామ కొడుకు ఒనియాస్ బావ మా అన్నకి పక్కింటివాడు. పక్కిల్లంటే మధ్యలో ఒక దుంపల పొలం. ఒనియాస్ మంచివాడు, కాకపోతే తెలియని విషయం లేదనుకుంటాడు. నూనె డ్రమ్ము అడ్డంగా కోసి కాళ్లు అతికించి తనే పొయ్యి చేసుకున్నాడు. అలాంటిదే ఇంకోటి చేసి ట్రాక్టరు మీద వేసుకుని తెచ్చాడు.

"చెల్లెమ్మా, ఊరికే ఇస్తానంటే వద్దంటావేంటి? సాయంత్రం నాలుగు మొద్దులు పడేసి గాలి దూరే కంత బిగించావంటే తెల్లారేదాకా నిప్పుంటుంది."

"నిప్పుంటుంది సరే అన్నయ్యా, పొగో?"

"పొగ లేకుండా పొయ్యేంటమ్మా! చోద్యం!"

"అదీ సంగతి. ఈ చిన్న కొంపలో నీ డ్రమ్ము మండితే మేం ఉడికిపోతాం. ఉడక్కుండా గాలి బిగిస్తాం. గాలి బిగిస్తే కట్టె మండదు, కుములుతుంది. ఆ కుమిలిన పొగంతా ఎవరు తాగాలి? మీ బావేగా! తీసుకెళ్లి అందులో నీ పందిని కాల్చుకో."

మా అన్న కుర్చీలో కూర్చుని నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఒనియాస్ డ్రమ్ము మళ్లీ ట్రాక్టరు ఎక్కించుకుని, "చెప్తే వినరు" అనుకుంటూ పోయాడు.

సెప్టెంబరులో నన్ను లారీతో సహా పట్టుకుని పట్నం పొయ్యిల కొట్టుకి తీసుకెళ్లింది. కొట్టువాడు మమ్మల్ని చూడగానే ఎర్రగా నిగనిగలాడే పొయ్యి దగ్గరికి నడిపించాడు.

"రంగు చూడండమ్మా. పండిన చెర్రీ రంగు. హాల్లో పెడితే ఇల్లంతా కళ వస్తుంది."

"రంగు వెచ్చగా ఉంటుందా నాయనా?" అంది వదిన. సంచీలోంచి పాత న్యూస్‌పేపరు తీసి బద్దలుగా చింపింది. ఒక బద్ద పొయ్యి తలుపు సందులో పెట్టి, తలుపు బిగించి, లాగింది. బద్ద సర్రున ఊడి చేతికొచ్చింది. ఇంకో పొయ్యి, ఇంకో బద్ద.

"ఏం చేస్తున్నారమ్మా మీరు?" అన్నాడు కొట్టువాడు, కొంచెం కంగారుగా.

"నీ పొయ్యి నోరు గట్టిగా మూసుకుంటుందో లేదో చూస్తున్నా. మా ఇంట్లో మనుషులెవరూ మూసుకోరు. పొయ్యైనా మూసుకోవాలి కదా."

కొట్టు చివర, చీపుళ్ల పక్కన, నల్ల ఉక్కు పొయ్యి ఒకటుంది. చూపించడానికి పెట్టినది, దింపేటప్పుడు కాలు సొట్ట పోయింది. చిన్నది. మూర పొడవు కట్టె కూడా పట్టదు. వదిన మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టి పైకప్పు తడిమింది. అక్కడ చిల్లుల గొట్టాలున్నాయి. "ఇదిగో లెజీమ్, ఇక్కడ్నుంచి వేడిగాలి దిగుతుంది. కట్టె మీంచి లేచిన పొగ కూడా ఇక్కడే మండిపోతుంది. పొగే కాలిపోయాక ఇక బయటికెళ్లేదేముంది?" అంది. ఆ తలుపులో పెట్టిన బద్ద ఎంత లాగినా రాలేదు, చిరిగింది. వదిన మొహం వెలిగిపోయింది. కాలు సొట్టని అడ్డం పెట్టి బేరమాడిన తీరు చూసి నేను బయటికెళ్లి లారీలో కూర్చున్నాను. ఆ ఎర్ర పొయ్యి ధరలో మూడో వంతుకి తెచ్చింది.

మా పాత ఇటుకల చిమ్నీ ఆ చిన్న పొయ్యికి మరీ వెడల్పు. అందులో పొగ చల్లబడి తారులా గోడలకి పట్టేస్తుందని, లోపల సన్నటి ఉక్కు గొట్టం దింపాలంది. నేను ఇంటి కప్పెక్కాను. ఆవిడ కింద నిలబడి, నేను ఎక్కడ జారతానో అన్న భయం ఒక పక్క, గొట్టం ఎక్కడ సొట్టపడుతుందో అన్న భయం ఒక పక్క. గొట్టం గురించే ఎక్కువ అరిచింది. ఊళ్లో వాళ్లకి మా పచ్చికట్టె నాలుగు బళ్లిచ్చి, వాళ్లు ఏళ్ల క్రితం చీల్చి కొట్టంలో పేర్చిన ఎండుకట్టె రెండు బళ్లు మార్చుకుంది. రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి, గిన్నెలు తగిలినట్టు మోగితేనే బండిలో వేయనిచ్చేది. మెత్తగా పలికిన ముక్క వెనక్కి విసిరేసేది.

నవంబరు మొదట్లో మొదటి మంట వేసింది. నన్ను చలిలో బయట నిలబెట్టి చిమ్నీ వైపు చూడమంది. చిమ్నీ మీద గాలి వణుకుతోంది, అంతే. పొగ లేదు. కిటికీలోంచి అన్న చెయ్యి ఊపాడు. ఆ వారంలోనే ఆయన ఎన్నాళ్లకో కూర్చుని కాకుండా పడుకుని నిద్రపోయాడు. వదిన నాకీ సంగతి చెబుతూ ఏడ్చేసింది. ఆవిడ ఏడవగా నేను చూసింది అదే మొదలు, నేను టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాను.

ఇక్కడ మా రోడ్డు సంగతొకటి చెప్పాలి. ఇళ్లు దూరదూరంగా ఉంటాయి, చలికాలం పొద్దున్నే ఎవరూ గడప దాటరు. లేవగానే కిటికీ దగ్గరికెళ్లి పక్కింటి చిమ్నీ వైపు చూస్తారు. పొగ లేచిందా, వాళ్లు బాగున్నారు. లేవలేదా, కాఫీ అక్కడ వదిలేసి బూట్లు తొడుక్కుని వెళ్లాల్సిందే. మా తాతల నాటి నుంచీ అంతే. నాకొకసారి జ్వరంతో ఒళ్లు తెలియకపోతే, పొగ లేదని చూసి వచ్చి బతికించింది ఒనియాసే. మా దగ్గర ఎవరూ ఎవర్నీ "బాగున్నారా" అని పెద్దగా అడగరు, చిమ్నీని అడుగుతారు.

ఇంకేముంది! వదిన కొత్త పొయ్యి వెలిగించిన మర్నాడు పొద్దున్నే ఒనియాస్ ఒక చేతికే తొడుగు వేసుకుని, పార పట్టుకుని, మంచులో పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"బావా! చెల్లెమ్మా! ఉన్నారా?"

తలుపు తీస్తే ఇల్లు వెచ్చగా ఉంది, అన్న బెల్లప్పాకం రాసుకుని ప్లోయ్ తింటున్నాడు. గోధుమ అట్టుకీ దోసెకీ మధ్య రకం అది, మాకు అది లేందే పూట గడవదు. ఒనియాస్ కూడా కూర్చుని నాలుగు తిని వెళ్లాడు. మర్నాడు ఇంకొకరు. ఆ మర్నాడు అవతలి రోడ్డు నుంచి కూడా వచ్చారు. వదిన ముందు నవ్వింది, తర్వాత విసుక్కుంది, ఆదివారం చర్చి మెట్ల మీద అందరి ముందూ చేతులు జోడించింది.

"మా ఇంట్లో పొగ రాదు మహాప్రభో! రాకూడదనే ఆ పొయ్యి కొన్నాను. మేం బతికే ఉన్నాం. పొద్దున్న లేస్తే మీ బూట్ల మంచు తుడవలేక ఛస్తున్నా. మా చిమ్నీ వైపు చూడ్డం మానేయండి!"

అందరూ పగలబడి నవ్వారు. ఇంటికొచ్చాక అన్న మాత్రం, "రానిస్తే పోయేది కదే, రెండు ప్లోయ్ తినిపోతారు" అన్నాడట. "పిండి కలిపేది నువ్వా నేనా?" అందట ఈవిడ. ఆ తర్వాత నిజంగానే చూడ్డం మానేశారు. పొగ లేని చిమ్నీకి కళ్లు అలవాటు పడిపోయాయి.

నవంబరు, డిసెంబరు బాగా గడిచాయి. అన్న మొహంలోకి కాస్త రంగొచ్చింది. ఒకటే కట్టుబాటు పెట్టింది వదిన. "ముక్కున ఆ గొట్టంతో పొయ్యి దగ్గరికొచ్చావో, కాళ్లు విరగ్గొడతా. భగ్గుమని ఇద్దరం పోతాం." గొట్టం ఉన్నంతసేపూ అన్న చిన్నపిల్లాడిలా పడకగది గడప దాటేవాడు కాదు. క్రిస్మస్‌కి మాంసం కూరి కాల్చిన 'పై' రొట్టె చేసింది. అన్న రెండో ముక్క అడిగి తిన్నాడు. వసంతం దాకా లాగేస్తాడని నాకు నమ్మకం కుదిరింది.

జనవరిలో మంచు వాన పట్టుకుంది. పడ్డ చుక్క పడ్డట్టు గడ్డకట్టే వాన. కొమ్మలు, తీగలు, స్తంభాలు అన్నీ గాజు పట్టినట్టయి, బరువు మోయలేక విరిగిపడ్డాయి. కరెంటు పోయింది, ఫోను పోయింది. సెల్‌ఫోన్లు మా లోయకి ఇంకా రాని రోజులు. నేను బోస్టన్‌లో సరుకు దింపి తిరిగొస్తూ దారులు మూసేయడంతో నడిమధ్యలో ఇరుక్కుపోయాను. ఆ రోజు సంగతి కొంత ఒనియాస్ చెప్పగా, కొంత వదిన చెప్పగా నాకు తెలిసింది. వదిన ఒక్కసారే చెప్పింది, ఆసుపత్రి మంచం మీద, పైకప్పు వైపు చూస్తూ.

కరెంటు లేక అన్న మిషన్ ఆగిపోయింది. పడకగదిలో సిలిండరు ఒకటి ఉంచుకున్నారు, దాంతో నడిపిస్తున్నారు. మధ్యాహ్నం పొయ్యి పక్క పెట్టెలో కట్టె అయిపోయింది. ఇంటి వెనక కట్టెల పాకకి వెళ్లింది వదిన. పాక గుమ్మం ముందు మంచు నున్నగా పేరుకుని ఉంది. కాలు జారి వెల్లకిలా పడింది. తుంటి విరిగిన చప్పుడు తనకే వినపడిందట. లేవబోయింది, పాకబోయింది, కాలు తనది కాదన్నట్టుంది. అరిచింది. పాక ఇంటి వెనక ఉంది, రోడ్డు మీంచి కనపడదు. చుట్టూ చెట్లు ఫట్ ఫట్ మని విరుగుతున్నాయి.

అన్నకి వినపడింది. వెనక తలుపు తెరుచుకోవడం, ఆయన చౌకట్టు పట్టుకుని నిలబడటం వదిన చూసింది. చల్లగాలి తగిలేసరికి ఆయనకి ఊపిరి పట్టేసింది. మోకాళ్ల మీద కూలబడ్డాడు. "లోపలికి పో! చస్తావు, లోపలికి పో!" అని వదిన అరిచింది. ఆయన పాకుతూనే లోపలికి పోయి తలుపు మూసుకున్నాడు.

కాసేపటికి అన్న వేట తుపాకీ పేలింది. ముందు కిటికీలోంచి, ఒనియాస్ ఇంటి వైపు. మళ్లీ పేలింది. ఎవరూ రాలేదు. "విన్నానురా లెజీమ్" అన్నాడు నాతో ఒనియాస్, "పొద్దున్నుంచీ అదే చప్పుడు కదా, ఇంకో కొమ్మ విరిగిందనుకున్నా. మీ చిమ్నీ కూడా చూశాను. పొగ లేదు. అది మామూలేగా అనుకున్నా."

వదిన పడ్డ చోటు నుంచి తన చిమ్నీ కనపడుతోంది. కట్టె లేదు, పొయ్యి ఆరిపోతోందని ఆవిడకి తెలుసు. చేతులు మొద్దుబారాయి, వణుకు కూడా తగ్గిపోయింది. నిద్ర ముంచుకొస్తోంది. అప్పుడు చిమ్నీ మీద సన్నగా తెల్లటి పొగ లేచింది. తర్వాత నల్లగా అయింది. తర్వాత ఎన్నడూ ఏ చిమ్నీ లోంచీ రాని నలుపు, ముద్దలు ముద్దలుగా. రబ్బరు వాసన పాక దాకా వచ్చింది.

"నాకర్థమైందయ్యా" అంది వదిన. "వద్దు వద్దని అరిచాను. గొంతు లేవలేదు."

కుర్చీ విరగ్గొట్టి వేస్తే మంట వస్తుంది, పొగ రాదు. ఆ పొయ్యి ఎండుకట్టె పొగని పైకి పోనివ్వదు, అందుకేగా కొన్నది. అన్నకి అది బాగా తెలుసు. సిలిండరు మర బిగించి, ముక్కులో గొట్టం తీసి మంచం మీద పెట్టి, పడకగది తలుపు మూశాడు. వదిన పెట్టిన కట్టుబాటు తప్పలేదు. తలుపు పక్క బూట్లు తీసుకుని పొయ్యి ముందు కూర్చున్నాడు. పొయ్యి చిన్నది, బూట్లు పెద్దవి. ఒకటి దూరింది, రెండోది సగం బయటే ఉండిపోయింది, తలుపు మూత పడలేదు. పైకి పోయినంత పొగ పైకి పోయింది, మిగిలిందంతా ఇంట్లోకే వచ్చింది.

ఒనియాస్ ఆవుకి నీళ్లు పెడుతూ ఆ పొగ చూశాడు. ఆ ఇంటి మీద పొగ! బకెట్టు అక్కడే పారేసి పరుగెత్తాడు. ఇంట్లోకి దూరి, దగ్గుతూ బయటికొచ్చి, వెనక్కి పోయి వదినని చూశాడు. భుజాన వేసుకుని తన ఇంటికి మోసుకెళ్లాడు.

"మీ బావని చూశావా?" అని అడిగిందట భుజం మీంచే.

"బాగానే ఉన్నాడు చెల్లెమ్మా" అన్నాడట.

"అబద్ధాలాడకు" అందట.

పొయ్యి పక్కన గోడకి ఆనుకుని కూర్చునే పోయాడు మా అన్న. పెదాల చుట్టూ బూడిద, గడ్డం నిండా మసి. నేను వచ్చేసరికి ఒనియాస్ తుడిచేశాడు గానీ చెవుల దగ్గర ఇంకా మిగిలే ఉంది. అంత్యక్రియలకి వదిన లేదు, ఆసుపత్రిలో కాలికి ఇనప కడ్డీ వేయించుకుంటోంది. మట్టి గడ్డకట్టి ఉందని శవాన్ని చర్చి కొట్టంలో పెట్టి, మంచు కరిగాక పూడ్చాం.

ఇంటికొచ్చాక ఆ పొయ్యి తీసేయమని చెప్పని వాళ్లు లేరు. ఒనియాస్ మళ్లీ డ్రమ్ము మాట ఎత్తలేదు గానీ, "కనీసం పొగొచ్చేదొకటి పెట్టుకో చెల్లెమ్మా" అన్నాడు. "పొయ్యి ఏం తప్పు చేసింది?" అంది వదిన. అందులోనే వండుకుంటోంది, దాని ముందే కూర్చుంటోంది. ఒనియాస్ రోజూ పొద్దున్నే పొలం దాటి వస్తాడు, చిమ్నీ వైపు చూడకుండానే వస్తాడు. ఆవిడ ప్లోయ్ వేసి పెడుతుంది. బూట్ల మంచు గురించి ఒక్క మాట అనదు.

మే నెలకి మంచు కరిగి, నేల ఆరి, పొలాల్లో ట్రాక్టర్లు దిగాయి. దుంపలు నాటుతున్నారు. గొట్టం శుభ్రం చేయమని కబురు పెట్టింది. కప్పెక్కి బ్రష్షు దింపాను. కింద పొయ్యి ముందు వదిన కర్ర పట్టుకుని స్టూలు మీద కూర్చుని, రాలిన మసి బకెట్టులోకి తోసుకుంటోంది. నేను దిగొచ్చేసరికి బకెట్టు పక్కన కాగితం మీద వేరేగా పిడికెడు గోధుమరంగు పొడి ఉంది. చలికాలమంతా ఆ పొయ్యి చేసిన మసి అంతే, మిగతా బకెట్టు నిండా ఉన్నది ఆ ఒక్క సాయంత్రానిది. మెత్తగా, జిడ్డుగా, కాటుకలా ఉంది.

"ఆ రోజు పొయ్యిలో మంట లేదు లెజీమ్" అంది బకెట్టులోకే చూస్తూ. "కట్టె నేను తేనే లేదుగా. అడుగున రెండు నిప్పు ముక్కలుంటాయేమో, అంతే. తడి గుడ్డతో తుడిచిన బూట్లు, ఎంత ఊదితే రాజుకుంటాయి?"

నేను బ్రష్షుకి అంటిన మసి దులిపాను.

"కొవ్వొత్తి ఆర్పలేకపోయావు కదయ్యా" అంది. నాతో కాదు. "ఇంత ఊపిరి ఎక్కడ దాచుకున్నావు?"

బకెట్టు నేను పారబోసి వస్తానన్నాను. ఇవ్వలేదు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో బకెట్టు పట్టుకుని, కుంటుకుంటూ పడకగదిలోకి తీసుకెళ్లి తలుపు వేసుకుంది.